బెంగళూరులో ఒరిజినల్ ముస్తఫా గేమ్ ఎక్కడుంది?

మనమంతా ముస్తఫా గేమ్ అంటామే, అదే క్యాప్‌కామ్ వాళ్ళ 1993 క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, దాని ఒరిజినల్ ఆర్కేడ్ మెషిన్ (నిలబడి ఆడే పెద్ద గేమ్ మెషిన్) కోసం చాలా రోజులుగా తిరుగుతున్నా. మారతహళ్ళి, బీటీఎం వైపు మాల్స్ గేమ్ జోన్లన్నీ చూశా, అన్నీ కార్ రేసులు, టికెట్లిచ్చే మెషిన్లే. ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డులో అడిగితే వందల గేములు ఎక్కించిన బాక్స్ చూపించారు, అందులో ముస్తఫా ఉంది కానీ అది ఎవరో మార్చిన వెర్షన్, మొదటి స్టేజ్ నుంచే గన్నులు కుప్పలుగా పడతాయి, రౌడీలు గుంపులుగా మీద పడతారు, పైగా బటన్ నొక్కాక దెబ్బ పడటానికి అర సెకను లేటు. గేమ్‌లో ముస్తఫా అనే హీరోతో పరిగెత్తి ఎగిరి తన్నే కిక్ టైమింగ్ మీదే ఆట మొత్తం ఉంటుంది కదా, ఆ లేటుతో అది అస్సలు తగలదు, నాకైతే ప్రాణం ఉసూరుమంది. 2018లో క్యాప్‌కామ్ ఇలాంటి పాత కొట్లాట గేములు ఏడు కలిపి ఒక బండిల్ ఇచ్చింది, ఫైనల్ ఫైట్, కెప్టెన్ కమాండో ఉన్నాయి, ఇది మాత్రం లేదు. ఇంట్లో ఎమ్యులేటర్ (పాత గేములు కంప్యూటర్‌లో ఆడించే సాఫ్ట్‌వేర్) పెట్టుకో అనకండి ప్లీజ్, వచ్చే నెల మా అన్నయ్య, బావ వస్తున్నారు, ముగ్గురం ఒకే మెషిన్ దగ్గర భుజాలు తగిలేలా నిలబడి ఆడాలి, మూడో స్టేజ్‌లో కారెక్కి దూసుకెళ్ళాలి. రేటెంతైనా పర్లేదు, ఊరి చివరైనా వస్తాం.

బెంగళూరులో మార్చని వెర్షన్‌తో, ముగ్గురు కలిసి ఆడే ముస్తఫా మెషిన్ ఇప్పటికీ నడుస్తున్న చోటు ఎవరికైనా తెలుసా అండీ?