సన్మాన కచేరీకి ఏ కీర్తన? ‘దాశరథీ, నీ ఋణము దీర్ప నా తరమా’

ప్రశ్న: మా గురువుగారికి ఎనభై ఏళ్లు నిండుతున్నాయి. శిష్యులంతా కలిసి సన్మానం తలపెట్టాం. ఆ సాయంత్రం గాత్ర కచేరీ ఆయనదే. ప్రధాన కీర్తన ఏది పాడమంటారని మమ్మల్నే అడిగారు. కొందరు ‘ఎందరో మహానుభావులు’ అంటున్నారు, కొందరు ‘నిధి చాల సుఖమా’ అంటున్నారు. సాహిత్యపరంగా ఏది తగినదో చెప్పగలరా?

జవాబు: రెండూ త్యాగరాజస్వామివే, రెండూ గొప్పవే. కానీ ఆ వేదిక మీద ఆ మాటలు ఎవరు ఎవరితో అంటున్నట్టు వినపడతాయో చూసుకోవాలండీ. శాలువా కప్పి, పర్సు అందించిన కాసేపటికి ‘నిధి చాల సుఖమా’లోని ‘మమత బంధనయుత నరస్తుతి సుఖమా’ (మమకారాల్లో చిక్కుకున్న మనుషులను పొగడటం సుఖమా) అని పాడితే, అంతసేపూ ప్రేమగా మాట్లాడినవాళ్ల మనసు చివుక్కుమంటుంది. ఇక ‘ఎందరో’ అంటే పెద్దలందరికీ నమస్కారం. పదిమంది కలిసి పాడితేనే దాని నిండుదనం. దాన్ని శిష్యులు గురువుగారికి ఎదురుగా కూర్చుని పాడండి, చాలా బాగుంటుంది.

ఆయన నోట రావలసింది మాత్రం తోడి రాగంలో త్యాగరాజస్వామిదే ‘దాశరథీ, నీ ఋణము దీర్ప నా తరమా’ అని నా గట్టి అభిప్రాయం. రాముడితో అంటున్న మాటలివి. అనుపల్లవి (పల్లవి తర్వాతి భాగం) చూడండి: ‘ఆశదీర దూరదేశములను ప్రకాశింపజేసిన రసికశిరోమణి’. నా ఆశ తీరేలా దూరదేశాల్లో నన్ను వెలిగించావు, రసికశిరోమణీ అంటున్నారు. జీవితమంతా పాడి, ఊరూరా పేరు తెచ్చుకున్న మనిషి ఆ రోజు చెప్పవలసిన మాట ఇంతకంటే ఏముంటుంది?

ఇంకో సొగసుంది. పల్లవిలోనూ అనుపల్లవిలోనూ ఉన్నది ఒకే క్రియ, ‘తీరు’. ఆశ తీరింది. ఋణమే తీరదు. ‘నా తరమా’ అన్న ప్రశ్నకు ‘కాదు’ అన్న జవాబు అందులోనే ఉంది, ‘ఆ బరువు మోయడం నా తరమా’ అని మనం రోజూ అనుకున్నట్టే.

మరొకరు: ‘తీర్ప’ కదండీ ఉండాలి? ‘దీర్ప’ అచ్చుతప్పు కాదా? పైగా చరణంలో ‘భక్తిలేని కవిజాలవరేణ్యులు భావమెరుగలేరు’ అని ఉంది. వేదిక మీద కవులూ ఉంటారేమో!

జవాబు: తప్పు కాదండీ, గసడదవాదేశం, అంటే కొన్ని మాటల తర్వాత వచ్చే క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లుగా మారే సంధి. ఋణము + తీర్ప, ఋణము దీర్ప. ఆశ + తీర, ఆశదీర. ఆహ్వానపత్రిక వేసేటప్పుడు ఎవరూ దిద్దకుండా చూసుకోండి.

చరణాన్ని అక్కడితో ఆపకూడదు. ‘భావమెరుగలేరని కలిలోన జని, భుక్తిముక్తి కల్గునని కీర్తనముల బోధించిన త్యాగరాజకరార్చిత’ వరకూ ఒకే వాక్యం. భక్తిలేని కవులకు భావం అందదని ఆ రాముడే కలిలో పుట్టి, కీర్తనలతో బోధించాడని అన్వయం. అంటే ఇన్ని కీర్తనలు రాసినాయన, బోధించింది నేను కాదు నువ్వే అంటున్నారు. కవులు నొచ్చుకోవలసింది ఇందులో ఏమీ లేదు. పొగడ్తలన్నీ విన్న విద్వాంసుడు ఆ ఘనతను తన దగ్గర ఉంచుకోకుండా దేవుడికి అప్పజెప్పడం వింటారు.

సందర్భానికి తగ్గ సాహిత్యం ఎంత పని చేస్తుందో 1966లో చూశాం. ఐక్యరాజ్యసమితిలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు కంచి పరమాచార్యులు రాసిచ్చిన ‘మైత్రీం భజత’ పాడారు. అందులో ‘యుద్ధం త్యజత, స్పర్ధాం త్యజత’ (యుద్ధం విడవండి, పోటీ విడవండి) అని ఉంది. దేశాలన్నీ కూర్చునే ఆ సభకు ఆ మాటలే సరిపోయాయి.

ప్రశ్న అడిగినవారు: గురువుగారికి తోడి అంటే ప్రాణమండీ! ఈ మాట రేపే చెబుతాను.

జవాబు: సంతోషం. సన్మానం ముందు పెట్టుకుని కచేరీ తర్వాత పెట్టండి, అప్పుడే ‘ఋణము’ అన్న మాటకు బలం. నెరవల్ (ఒకే సాహిత్య పాదాన్ని రకరకాల సంగతులతో విస్తరించి పాడటం) చేస్తే ‘ఆశదీర దూరదేశములను’ దగ్గర ఎత్తుకోమనండి. ఊపిరి కోసం ‘ప్ర’ దగ్గర ఆగి ‘కాశింపజేసిన’ అని మొదలుపెడితే మాట విరిగి కాశీ వినపడుతుంది. వెనక పాడే శిష్యులు కూడా ‘దేశములను’ తర్వాతే ఊపిరి తీసుకునేలా ముందే సాధన చేయించండి. సాహిత్యం, తాత్పర్యం ఒక కాగితం మీద అచ్చువేసి సభలో పంచండి.