కంప్రెసర్ మధ్య పైపు సేఫ్టీ వాల్వ్ లేస్తోంది: రింగులు పోయాయా, వాల్వులా?

షెడ్డు_తణుకు:
ఇంటి వెనక షెడ్డులో ఫర్నిచర్ స్ప్రే పనికి వాడే టూ స్టేజ్ కంప్రెసర్ (పెద్ద సిలిండర్ నొక్కిన గాలిని చిన్నది మళ్లీ నొక్కి ట్యాంకుకి పంపే రకం). 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటార్, 220 లీటర్ల ట్యాంకు, ప్రెషర్ 10 కేజీలకి (చదరపు సెంటీమీటరుకి) రాగానే మోటార్ కటాఫ్. 5 కేజీల దాకా బాగానే ఎక్కుతుంది. ఆపైన ముల్లు చాలా మెల్లగా కదులుతుంది. 7 దగ్గర ఆగిపోతుంది, అప్పుడు రెండు సిలిండర్ల మధ్య రెక్కల పైపు మీదున్న చిన్న సేఫ్టీ వాల్వ్ టపటపా కొట్టుకుంటూ గాలి వదిలేస్తోంది. చూసిన మెకానిక్ "స్ప్రింగు చచ్చింది, అక్కడ ప్లగ్గు బిగించేస్తే సరి" అన్నాడు. ఇంకొకాయన పిస్టన్ రింగులు పోయాయి, సిలిండర్ల బ్లాకు మొత్తం విప్పాలి అంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఫిట్టర్_పటాన్‌చెరు:
ప్లగ్గు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు సార్. పెద్ద సిలిండర్ తోసిన గాలిని చిన్నది తీసుకోకపోతే మధ్యలో ప్రెషర్ పెరుగుతుంది. అది పోయే దారి ఆ వాల్వ్ ఒక్కటే. దాన్ని మూసేస్తే ముందు గ్యాస్కెట్ పోతుంది, లేదా కూలర్ పైపు (ఆ రెక్కల పైపే) పగులుతుంది, ఈలోపు మోటార్ ఆంప్స్ లాగి కాలుతుంది.

నా అనుమానం చిన్న సిలిండర్ హెడ్‌లోని వాల్వ్ ప్లేట్ మీద. బ్లాకు జోలికి ఇప్పుడే వెళ్లకండి.

పాత_లేత్:
అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలా? చిన్న పిస్టన్ రింగులు అరిగినా గాలి ట్యాంకుకి వెళ్లదు. 7 దగ్గర ఆగిపోవడానికి అదీ కారణం కావచ్చు. నేను చూసిన బ్లాకుల్లో సగం రింగుల కేసులే.

ఫిట్టర్_పటాన్‌చెరు:
ఆగిపోవడానికి కావచ్చు మాస్టారూ, కాదనను. కానీ సేఫ్టీ లేవడానికి కాదు. రింగులు పోతే గాలి కింద క్రాంక్ కేసులోకి (ఆయిల్ ఉండే అడుగు భాగం) దిగుతుంది, వెనక్కి కూలర్‌లోకి రాదు. బ్రీదర్ (క్రాంక్ కేసు గాలి బయటికి పోయే దారి) దగ్గర చెయ్యి పెడితే బుస్సుబుస్సుమని ఆయిల్ పొగ తగలాలి, ట్యాంకు డ్రెయిన్‌లో నీళ్లతోపాటు ఆయిల్ జిడ్డు రావాలి. అవి ఉన్నాయా అని తణుకు వారే చెప్పాలి. పెద్ద సిలిండర్ రింగులంటారా, అవి పోతే మధ్య ప్రెషర్ తగ్గుతుంది గానీ పెరగదు. సేఫ్టీ లేస్తోందంటే పెద్దది ఒళ్లు దాచుకోకుండా పని చేస్తున్నట్టే.

మోటార్_వైండింగ్:
సాయంత్రం వోల్టేజ్ ఎంత ఉంటోంది? 190కి పడిపోతే 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ ఏం లాగుతుంది! బెల్టు జారుతోందేమో కూడా చూడండి. అందరూ హెడ్డు మీదే పడ్డారు.

గరాజ్_డల్లాస్:
వోల్టేజ్ వల్ల స్పీడు తగ్గితే రెండు పిస్టన్లూ సమానంగా తగ్గుతాయి కదండీ. నిండడం ఆలస్యమవుతుంది, అంతే. మధ్య ప్రెషర్‌ని ప్రధానంగా తేల్చేది బోర్ల (సిలిండర్ లోపలి వ్యాసాల) సైజు. ఉదాహరణకి స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఒకటే అయి, పెద్ద బోర్ 80 మి.మీ., చిన్నది 45 అనుకోండి. వైశాల్యాల నిష్పత్తి దాదాపు 3.2. అంటే వాతావరణ ప్రెషర్‌తో కలిపి 3.2 రెట్లు, గేజ్ మీద 2.2 కేజీల చుట్టుపక్కల. ట్యాంకులో 6 ఉన్నా 9 ఉన్నా అది పెద్దగా మారకూడదు. సేఫ్టీ ఊడదీసి అక్కడ టీ (మూడు మూతుల పైపు ముక్క) వేసి, సేఫ్టీ మళ్లీ దానికే బిగించి, పక్కన గేజ్ పెట్టండి. వాదన సగం అక్కడే తీరుతుంది. మా ఇంటి 60 గ్యాలన్ల మిషన్‌కి నేను ఆ గేజ్ శాశ్వతంగా ఉంచేశాను.

షెడ్డు_తణుకు:
గేజ్ పెట్టాను. ట్యాంకు 3 ఉన్నప్పుడు మధ్యలో 2.3. ట్యాంకు 5కి 3.4. 7కి వచ్చేసరికి 4.8, అక్కడ సేఫ్టీ లేచింది (దాని మీద 5 అని కొట్టి ఉంది, అంటే స్ప్రింగు చావలేదు!). బ్రీదర్ దగ్గర మామూలే. మెయిన్ ఆపి, డ్రెయిన్ తెరిచి, ముల్లు సున్నాకి వచ్చాక చిన్న హెడ్ విప్పాను. డెలివరీ వైపు (గాలి ట్యాంకుకి పోయే వైపు) రీడ్ కింద, అంటే వాల్వుగా పని చేసే పలచటి రేకు కింద, కార్బన్ పొరలు పొరలుగా అట్టకట్టి ఉంది. రీడ్ కొస సీటు మీద ఆనడం లేదు, లైటు పెడితే సన్నటి గీత కనిపిస్తోంది. కిరసనాయిలు పోస్తే సక్షన్ వైపు (గాలి లోపలికి వచ్చే వైపు) నిలిచింది, డెలివరీ వైపు నిమిషంలో కారిపోయింది.

పాత_లేత్:
సరే, ఈ కేసు వాల్వే. ట్యాంకు వైపు గాలి వెనక్కి చిన్న సిలిండర్‌లోకి వచ్చేస్తుంటే, అది మధ్య గాలిని ఇంకేం తీసుకుంటుంది! గాజు పలక మీద పేస్ట్ వేసి, ప్లేటుని ఎనిమిది అంకెలా తిప్పుతూ ల్యాపింగ్ చెయ్యండి (నున్నగా అరగదియ్యండి), రీడ్ తిప్పి వెయ్యండి. కొత్త ప్లేటు కొనక్కర్లేదు.

ఫిట్టర్_పటాన్‌చెరు:
ప్లేటుకి ల్యాపింగ్ సరే, రీడ్ తిప్పెయ్యడం మాత్రం ఒప్పుకోను. వేడికి వంగిన రీడ్ మళ్లీ వంగుతుంది, విరిగితే ముక్క బోర్‌లోకి జారే ప్రమాదం. రీడ్లూ గ్యాస్కెట్లూ కొత్తవి వెయ్యండి. ఇంతకీ ఆయిల్ ఏం పోస్తున్నారు? ఆ కార్బన్ ఊరికే రాదు.

షెడ్డు_తణుకు:
బండిలో పోసే 20డబ్ల్యూ-40.

ఫిట్టర్_పటాన్‌చెరు:
అనుకున్నా. కంప్రెసర్ ఆయిల్, వీజీ 100 (చిక్కదనం గ్రేడు) పోయండి.

మోటార్_వైండింగ్:
మా షాపులో ఏళ్లుగా ఇంజన్ ఆయిలే. ఏ రీడ్డూ పోలేదు.

గరాజ్_డల్లాస్:
మీది రోజుకి ఎంతసేపు తిరుగుతుందో చెప్పకుండా ఈ మాటంటే ఎలాగండీ? టైర్లకి గాలి కొట్టడం వేరు, గంటల తరబడి స్ప్రే గన్ వేరు. తణుకు గారూ, బిగించాక సున్నా నుంచి 10కి ఎంతసేపు పట్టిందో రాయండి. 220 లీటర్లకి దాదాపు 2200 లీటర్ల గాలి కావాలి. నిమిషానికి 10 ఘనపుటడుగులు ఇచ్చే బ్లాకైతే 8 నిమిషాలు. పన్నెండు పడితే మాత్రం పాత లేత్ గారి రింగుల మాట మళ్లీ తియ్యాలి.