మిథనాల్ ఆక్సిడేషన్: 20 సైకిళ్లకే పీక్ కరెంటు సగమైపోతోంది, పూత ఊడుతోంది

ప్రశ్న (విశాఖ, ఎమ్మెస్సీ ప్రాజెక్టు)

నమస్కారమండీ. 3 మి.మీ. గ్లాసీ కార్బన్ మీద 20 శాతం ప్లాటినం-కార్బన్ పూసి, 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ యాసిడ్, 1 మోలార్ మిథనాల్‌లో సీవీ (సైక్లిక్ వోల్టామెట్రీ: వోల్టేజిని పైకీ కిందకీ తిప్పుతూ కరెంటు కొలవడం) తీస్తున్నాం. ఇంకుకి 5 మి.గ్రా. పొడి, 1 మి.లీ. ఇథనాల్, 5 శాతం నాఫియాన్ (పొడిని పట్టి ఉంచే పాలిమర్) ద్రావణం 80 మైక్రోలీటర్లు. డిస్కు మీద 10 మైక్రోలీటర్లు వేసి లాంపు కింద ఆరబెడుతున్నాం. రిఫరెన్సు (వోల్టేజిని పోల్చి చూసే ఎలక్ట్రోడ్) సిల్వర్-సిల్వర్ క్లోరైడ్. సెల్ అడుగున నల్లటి రేకులు కనిపించాయి. ఇదంతా మిథనాల్ నుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడ్ ప్లాటినానికి పట్టడం వల్లేనా?

జవాబు 1

రేకులు కనబడ్డాయంటే ముందు పూతనే అనుమానించాలి. మోనాక్సైడ్ ప్లాటినాన్ని మూసేస్తుంది గానీ పూతని ఊడగొట్టదు.

డిస్కు వైశాల్యం 0.0707 చ.సెం.మీ. మాత్రమే. 10 మైక్రోలీటర్ల ఇథనాల్ ఇంకు దాని మీద నిలవదు, చుట్టూ ఉన్న టెఫ్లాన్ మీదికి పాకుతుంది. లాంపు వేడికి అంచులు ముందే ఆరి పొడంతా అక్కడికి చేరుతుంది. మధ్యలో పలచబడి, అంచున మందంగా పగులుతుంది. ఆ అంచే రేకులుగా లేస్తుంది.

పొడిని ముందు 750 మైక్రోలీటర్ల నీళ్లతో పూర్తిగా తడపండి, ఆ తర్వాతే 250 మైక్రోలీటర్ల ఐసోప్రొపనాల్ కలపండి. పొడి ప్లాటినం-కార్బన్ మీద నేరుగా ఆల్కహాల్ పోస్తే నిప్పంటుకునే ప్రమాదముంది. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నాఫియాన్ 25 మైక్రోలీటర్లు చాలు. 80 అంటే దాదాపు 3.7 మి.గ్రా. పాలిమర్, మీ దగ్గరున్న కార్బనే 4 మి.గ్రా. సోనికేషన్ (అల్ట్రాసౌండ్‌తో కలపడం) 30 నిమిషాలు. బాత్‌లో ఐసు వేస్తూ ఉండండి, వేడెక్కితే ఇంకు గడ్డకడుతుంది.

డిస్కుని 0.3, ఆపైన 0.05 మైక్రాన్ అల్యూమినాతో పాలిష్ చేసి, నీళ్లలో ఒక నిమిషం సోనికేట్ చేయండి. అల్యూమినా మిగిలినా పూత పట్టదు. 5 మైక్రోలీటర్లు మధ్యలో వేసి, బీకరు కొంచెం సందు వదిలి బోర్లించండి. మన ఉక్కపోతలో ఆరడానికి గంట పైనే పడుతుంది, హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. ఆరాక డిస్కంతా ఒకే మచ్చలేని మసి నలుపు కావాలి. నడుమ అద్దంలా మెరుపు కనిపిస్తే తుడిచేసి మళ్లీ పూయడమే.

జవాబు 2

పూత సంగతి పైవారు చెప్పారు. రెండో దొంగ క్లోరైడ్ అనిపిస్తోంది. రిఫరెన్సు లోపలి కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) కొద్దికొద్దిగా సెల్‌లోకి కారి ప్లాటినానికి అంటుకుంటే మిథనాల్‌కి చోటుండదు. కుళాయి నీళ్లతో కడిగిన గ్లాసువేర్ కూడా ఇదే చేస్తుంది. చివరి కడుగుడు 18.2 మెగా ఓమ్ (అతి శుద్ధమైన) నీళ్లతోనే కావాలి.

మిథనాల్ కలపకముందు, నైట్రోజన్ 20 నిమిషాలు పంపిన యాసిడ్‌లో బ్లాంక్ సీవీ తీయండి. ఇది తీయకుండా ఏ నిర్ణయానికీ రావద్దు. ఆర్‌హెచ్‌ఈ (హైడ్రోజన్ రిఫరెన్సు స్కేలు) మీద 0.05 నుంచి 1.2 వోల్టుల దాకా, 50 మిల్లీవోల్టులు సెకనుకి. డబుల్ లేయర్ (చర్య లేకుండా ఉపరితలం మీద చేరే ఛార్జి) వాటా తీసేసి, హైడ్రోజన్ భాగంలోని ఛార్జిని మైక్రోకూలంబ్‌లలో తీసుకుని 210తో భాగిస్తే చ.సెం.మీ.లో ప్లాటినం వైశాల్యం వస్తుంది. జవాబు 1లోని కొలతలతో డిస్కు మీద సుమారు 5 మైక్రోగ్రాముల ప్లాటినం ఉంటుంది. గ్రాముకి 60 చ.మీ. అనుకుంటే 600 మైక్రోకూలంబ్‌ల చుట్టుపక్కల రావాలి. 20 సైకిళ్ల తర్వాత ఎలక్ట్రోడ్‌ని కడిగి, తాజా యాసిడ్‌లో మళ్లీ కొలవండి. ఛార్జి తగ్గితే పూత పోయినట్టు, తగ్గకపోతే తప్పు ద్రావణంలో ఉన్నట్టు.

మోనాక్సైడ్ ప్రతి సైకిల్లోనూ పై వోల్టేజిలో కాలిపోతుంది. దాని దెబ్బ అసలు తెలిసేది 0.6 వోల్టు దగ్గర స్థిరంగా పట్టి ఉంచినప్పుడు. వెనక్కి వచ్చేటప్పటి పీక్‌ని మోనాక్సైడ్‌కి లెక్కకట్టే అలవాటు సరికాదు, అదీ మిథనాల్ ఆక్సిడేషనే.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలండీ. క్లోరైడ్ లేని మెర్క్యురీ సల్ఫేట్ రిఫరెన్సు మా దగ్గర లేదు. దారేమైనా ఉందా?

జవాబు 2

ఉందండీ. అడుగున ఫ్రిట్ (సన్నని రంధ్రాల గాజు బిళ్ల) ఉన్న గాజు గొట్టంలో 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ యాసిడ్ నింపి, మీ రిఫరెన్సుని అందులో ఉంచి, గొట్టాన్ని సెల్‌లో దించండి. లోపలి యాసిడ్‌ని రోజూ మార్చండి. కేసీఎల్ 3 మోలార్ అయితే ఈ యాసిడ్‌లో చదివిన వోల్టేజికి 0.23 కలిపితే ఆర్‌హెచ్‌ఈ విలువ వస్తుంది. స్కాన్ చేసేటప్పుడు నైట్రోజన్‌ని ద్రావణంలో కాకుండా పైన మాత్రమే పంపండి, లేకపోతే మిథనాల్ ఎగిరిపోతుంది. డిస్కు కింద బుడగ కనిపిస్తే మెల్లగా తట్టి వదిలించండి.