సమస్యాపూరణం: డాలరును జేర్చినందుకే డబ్బు పోయె

నిర్వాహకుడు (గుంటూరు, బ్రాడీపేట):
ఈ సమస్య మా మేనల్లుడి పుణ్యం. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటూ మిర్చి యార్డు చీటీ లెక్కకి చిన్న ప్రోగ్రాం రాశాడు. $చీటీ->టిక్కీలు (మిర్చి బస్తాల లెక్క) సరిగ్గానే వచ్చింది, డబ్బు దగ్గర మాత్రం ఖాళీ. చూస్తే $చీటీ->$డబ్బు అని కొట్టాడు. (పేర్లు తెలుగులో పెట్టినా పీహెచ్‌పీ ఒప్పుకుంటుంది లెండి.) తేటగీతిలో పూరించండి. అమెరికా డాలర్ల మీద వద్దు, అవి చాలా చూశాం.

అరండల్‌పేట:
చీటి పక్కన బాణము చెక్కి పిదప
పేరు వట్టిది పెట్టక పిల్లవాడు
వేరె పెట్టెను వెదకెను వెలితి దొరికె
డాలరును జేర్చినందుకే డబ్బు పోయె

నిర్వాహకుడు:
'వేరె పెట్టె' దగ్గర పట్టుకున్నారు. బాణం తర్వాత వట్టి పేరుంటే అదే ప్రాపర్టీ, అంటే చీటీలో ఆ పేరుతో ఉన్న విలువ. డాలరు పెడితే ముందు $డబ్బు అనే ఇంకో వేరియబుల్ (విలువ దాచే పెట్టె) తెరిచి, అందులో ఏ పేరుంటే ఆ ప్రాపర్టీ కోసం వెళ్తుంది. ఆ వేరియబులే లేకపోతే వార్నింగ్, చేతికి వచ్చేది ఖాళీ. ఒక్క చిక్కు: వెదికింది పిల్లవాడా, పీహెచ్‌పీయా? కర్త తారుమారైంది.

అరండల్‌పేట:
ఇద్దరూ వెదికారు మాస్టారూ!

బెంజి సర్కిల్:
జావ నేర్చిన చేతితో చుక్క పెట్టి
తప్పు దిద్దగ బాణము దాని చోట
నిలిపి తొందరపడితిని నేను మరల
డాలరును జేర్చినందుకే డబ్బు పోయె

కొత్తపేట:
తమ్ముడూ, మొదటి పాదంలో యతి తప్పింది. చ, జ మిత్రులే గానీ 'జా'కి 'చు' కుదరదు, అచ్చులు కలవాలి. విషయం మాత్రం నిజం. జావా భాషలో ప్రాపర్టీకి చుక్క పెడతారు. పీహెచ్‌పీలో చుక్క మాటల్ని అతికించడానికి, అందుకే ఇక్కడ బాణం. పైగా $చీటీ.డబ్బు అంటే పీహెచ్‌పీ 8 ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. డాలరు తప్పుకి వార్నింగ్‌తో సాగిపోతుంది, నా లెక్కలో అదే ఎక్కువ ముప్పు.

బెంజి సర్కిల్:
సవరించానన్నా: చుక్క పెట్టితి జావాను చూచుకొనుచు

కొత్తపేట:
ఇప్పుడు కుదిరింది.

పటమట:
నాదొక పేచీ. $గడి = 'డబ్బు' అని ముందే రాసుకుంటే $చీటీ->$గడి డబ్బు తెచ్చిపెడుతుంది. స్టాటిక్ ప్రాపర్టీకైతే (ఒక్కో చీటీది కాక మొత్తం క్లాసుకే చెందినది) యార్డు::$డబ్బు అని డాలరు ఉండి తీరాలి. కాబట్టి,
డాలరును జేర్చినందుకే డబ్బు వచ్చె

నిర్వాహకుడు:
ఇచ్చిన పాదం మార్చకూడదు పటమట గారూ. దాన్ని పై వారానికి దాచాను, మొదటి పూరణ మీదే.