'నగుమోము'లో ఆ జాలి ఎవరిది?

ఈ మధ్య ఎవరేం వింటున్నారో చెప్పండి అని గ్రూపులో అడిగారు కదా, నా లిస్టు ఇది. పొద్దున వంట చేస్తూ వోలేటి వెంకటేశ్వర్లు గారి పాత రేడియో కచేరీలు, మధ్యాహ్నం ఖాళీ దొరికితే ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు, రాత్రి ఎం.డి. రామనాథన్ గారు, ఆయన నిదానం పగలు నావల్ల కాదు. అయితే కొన్నాళ్ళుగా ఇవన్నీ పక్కకి పోయి ఒక్క పాట దగ్గరే ఆగిపోయాను, త్యాగయ్య గారి నగుమోము. ముసిరి సుబ్రహ్మణ్య అయ్యర్ గారి పాత రికార్డు, బాలమురళీకృష్ణ గారిది, ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి పెట్టుకుని వింటున్నా. ముసిరి గారు ఏడిపిస్తారు, బాలమురళి గారు మాట మాటా విడమరిచి చేతిలో పెడతారు, ఇద్దరిలో ఎవరు గొప్ప అనే గొడవ మాత్రం ఇక్కడ మొదలెట్టకండి ప్లీజ్.

నా డౌట్ పల్లవిలోనే. "నగుమోము గనలేని నా జాలి తెలిసి నను బ్రోవ రాద శ్రీ రఘువర నీ". ఇందులో జాలి ఏంటి అసలు? మనం జాలి అంటే ఎదుటివాడి కష్టం చూసి మనకి కలిగేది కదా, అలా అయితే జాలి కలగాల్సింది రాముడికి, మరి ఈయన "నా జాలి" అంటాడేంటి? వీడియోల కింద అర్థాలు రాసేవాళ్ళు "నా మీద జాలి చూపి" అని రాసేసి చేతులు దులుపుకుంటున్నారు, కానీ అక్కడ "చూపి" లేదు, "తెలిసి" ఉంది. నాకైతే ఇక్కడ జాలి అంటే దుఃఖం అనిపిస్తోంది. మాస్టారు ఉన్నారా?

తెనాలి మాస్టారు:
ఉన్నానమ్మా. మీకు అనిపించిందే సరైనది. జాలికి దుఃఖం, బాధ అనే అర్థం పాతది, బ్రౌన్ నిఘంటువు తీసి చూసినా కనిపిస్తుంది. నీ నవ్వుమొహం చూడలేక నేను పడుతున్న బాధ నీకు తెలుసు కదా, తెలిసి కాపాడకూడదా అని అడగటం. "తెలిసి" అన్న మాట కుదిరేది ఆ అర్థానికే, బాధ అయితే తెలుస్తుంది, దయ అయితే కలగాలి. బాధపడేవాడి దగ్గరుండే మాట కాలక్రమంలో ఆ బాధని చూసేవాడి దగ్గరికి జరిగిపోయింది. "పాపం" సంగతి చూడండి, ఒకడు చేసిన తప్పుకి పేరు అది, ఇప్పుడు "అయ్యో పాపం" అని వాణ్ణి చూసి మనం అంటున్నాం.

డాలస్ నుంచి:
మాస్టారూ నమస్తే. పాత అర్థం పూర్తిగా పోలేదేమో అండీ, "జాలి మొహం పెట్టాడు" అంటాం కదా, అక్కడ జాలి ఎవరిది? మొహం పెట్టినవాడిదే! వాడు ఎవరి మీదా దయ చూపించట్లేదు, ఏడుపు మొహం పెట్టాడు అంతే. మా అబ్బాయి ఆ మొహం రోజూ పెడతాడు హోంవర్క్ అప్పుడు.

తెనాలి మాస్టారు:
భలే పట్టావు నాయనా. అదే.

వీణ అక్క:
అర్థం సరే గానీ ఆ పల్లవి చివర "నీ" ఎవరూ పట్టించుకోరేంటి? పాడేవాళ్ళు "శ్రీ రఘువర నీ" అని ఆపేస్తారు, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఈ "నీ" ఎందుకొచ్చిందో అర్థం కాదు. అది పల్లవి మొదటి మాటకి చెందింది. "నీ నగుమోము గనలేని" అన్నమాట. అంటే వాక్యం పూర్తవ్వాలంటే పాట మళ్ళీ మొదటికి రావాల్సిందే, పల్లవిని తిప్పి తిప్పి పాడటం సంగీతం కోసమే అనుకుంటాం కానీ ఇక్కడ వ్యాకరణం కూడా తిప్పిస్తోంది. అందుకే నేను పిల్లలకి చెప్తా, "రఘువర" దగ్గర చిన్న విరుపు ఇచ్చి "నీ"ని నగుమోముకి అంటించండర్రా అని. "రఘువరనీ" అని ఒకే మాటలా పాడితే రఘువరుణ్ణి ఎవరో పిలుచుకొస్తున్నట్టు ఉంటుంది.

పోస్ట్ పెట్టింది నేనే:
అక్కా ఇది నేను ఇన్నిసార్లు విన్నా గమనించలేదు, ఇప్పుడే మళ్ళీ పెట్టుకుని విన్నా, నిజంగా అది గుండ్రంగా తిరుగుతోంది.

చెన్నై నుంచి:
నేను పుట్టింది నెల్లూరు, పాట నేర్చుకుంది ఇక్కడ మైలాపూర్లో. మా గురువుగారి నోట్సు అంతా తమిళ లిపిలోనే. అందులో క ఖ గ ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం, అందుకని పక్కన చిన్నగా 1, 2, 3, 4 అంకెలు వేస్తారు. అంకె పడకపోతే అంతే, నగుమోము "నకుమోము" అవుతుంది, ఖగరాజు ఇంకేదో అవుతాడు. ఇంకో చిక్కు జాలిలో జ. మన ఇంట్లో జాలి అన్నప్పుడు నాలుక పళ్ళకి తగులుతుంది, ౙాలి అని. ఇక్కడివాళ్ళు జామకాయలో జ లాగా... ఆగండి, జామకాయ కూడా మనకి ౙామకాయే! జపంలో జ లాగా పలుకుతారు అనాలి. తప్పు అని నేననను, భాష రానివాళ్ళు అంత భక్తితో పాడటమే గొప్ప, కానీ నా చెవికి అక్కడ చిన్న రాయి తగులుతుంది.

తెనాలి మాస్టారు:
మంచి మాట ఎత్తారు. తెలుగు మాటల్లో అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ లాంటి అచ్చులు చేరిన చ, జ లు దంత్యాలు, అంటే నాలుక పళ్ళకి తగిలేవి, ఇ, ఈ, ఎ, ఏ చేరితే తాలవ్యాలు, అంటే అంగిలికి తగిలేవి. సంస్కృతం మాటల్లో ఎక్కడైనా తాలవ్యమే. పాత నిఘంటువుల్లో ఈ దంత్యాలకి నెత్తిన చిన్న ౨ వేసేవాళ్ళు, ఇప్పుడు అచ్చులో ఆ గుర్తు పోయింది కాబట్టి పాట పుస్తకం చూసి నేర్చుకునేవాడికి దిక్కు లేదు. ఈ ఒక్క పాటలో రెండు జ లూ ఉన్నాయి చూడండి. ౙాలి, వగ ౙూపకు, ఇవి పళ్ళకి తగలాలి. నగరాజు, ఖగరాజు, జగమేలే, ఇవి సంస్కృతం వైపువి, తగలకూడదు. "వేగ ౘనలేదో" లో చ కూడా పళ్ళకే. అన్నీ ఒకే జ తో పాడితే తెలుగు మాట ఏదో సంస్కృతం మాట ఏదో చెవికి తెలియకుండా పోతుంది.

డాలస్ నుంచి:
చనలేదో అంటే ఏంటి మాస్టారూ, మా పాప అడిగితే చెప్పలేక "తర్వాత చెప్తా" అన్నా.

తెనాలి మాస్టారు:
చను అంటే వెళ్ళు. ఇప్పుడు మనకి అది "చనిపోయాడు" లో ఒక్కచోటే మిగిలింది, అక్కడ కూడా అసలు అర్థం వెళ్ళిపోవటమే. "ఖగరాజు నీ ఆనతి విని వేగ చనలేదో", నువ్వు ఆజ్ఞ ఇస్తే గరుత్మంతుడు గబగబా బయల్దేరలేదేమో అని అనుమానం.

వీణ అక్క:
ఆ చరణం నాకు నవ్వూ ఏడుపూ కలిపి తెప్పిస్తుంది. వరసగా చూడండి. రాముడు రావట్లేదు. రాముణ్ణి తప్పు పట్టడానికి ఈయనకి నోరు రాదు, అందుకని చుట్టూ ఉన్నవాళ్ళ మీద పడతాడు. అనుపల్లవిలో ముందు పరివారం వంతు, "నీదు పరివారులెల్ల ఒగి బోధన జేసే వారలు గారె యిటులుండుదురే", నీ చుట్టూ ఉన్నవాళ్ళు నీకు సరిగ్గా చెప్పేవాళ్ళే కదా, ఇలా ఊరుకుంటారా అని. చరణంలో గరుడుడి వంతు. ముందు, చెప్పిన పనికి త్వరగా కదలలేదా అంటాడు, ఆ వెంటనే "గగనానికిలకు బహు దూరంబనినాడో", ఆకాశం నుంచి భూమికి చాలా దూరం స్వామీ అని సాకు చెప్పాడా అంటాడు. పెద్దాయన మంచివాడే, మధ్యలో వాళ్ళే ఫైలు కదలనివ్వట్లేదు అని ఆఫీసు వరండాలో కూర్చున్న ముసలాయన అనుకుంటాడే, అచ్చం ఆ ధోరణి. గరుత్మంతుడికి దూరం అట! చివరికి అందరి మీదా అనుమానాలు అయిపోయాక, "జగమేలే పరమాత్మ ఎవరితో మొరలిడుదు", లోకాన్ని ఏలేది నువ్వే అయితే నీ మీద ఎవరికి చెప్పుకోను అని అసలు మనిషి దగ్గరికొస్తాడు. "ఎవరికి" కాదు "ఎవరితో" అనటం చూడండి, ఇంట్లో "ఎవరితో చెప్పుకోను తల్లీ" అంటామే, అదే.

ఇంకోటి, దయచేసి "గగనాని... కిలకు" అని విరవకండి. గగనానికి, ఇలకు. గమకం కోసం ఊపిరి ఎక్కడో తీసుకోవాలి నిజమే, కానీ "కిలకు" అనే మాట తెలుగులో లేదు.

చెన్నై నుంచి:
అక్కా 😂 ఆ కిల నేనూ పాడాను ఎన్నో ఏళ్ళు. సరే, "ఒగి" అంటే ఏంటి? మా పుస్తకంలో దాన్ని బోధనకి కలిపేసి "ఒగిబోధన" అని ఒక మాటగా వేశారు, అదేదో ఉపదేశం రకం అనుకున్నా.

తెనాలి మాస్టారు:
ఒగి అంటే క్రమంగా, చక్కగా, పద్ధతిగా. ఇప్పుడు వాడుకలో లేదు. త్యాగయ్య గారు ఆ మాట ఎందుకు తెచ్చారో తెలియాలంటే పాట నిలువునా చదవాలి. ప్రతి పాదంలో రెండో అక్షరం చూడండి. నగుమోము, నగరాజధర, ఒగి, ఖగరాజు, గగనానికి, జగమేలే, వగ. అన్నిచోట్లా గ! ద్వితీయాక్షర ప్రాస. ఆ గ కోసమే ఒగి వచ్చింది, ఆ గ కోసమే పక్షిరాజు ఖగరాజు అయ్యాడు. రాముణ్ణి పట్టుకుని కొండని మోసినవాడా అని నగరాజధర అనటానికి కూడా సగం కారణం అదే అనుకుంటాను, మందరం అనుకోండి గోవర్ధనం అనుకోండి, అది రామావతారం పని కాదు కదా. ప్రాస తెలిస్తే పాదం ఎక్కడ మొదలవుతుందో కూడా తెలుస్తుంది. "ఒగి" పాదానికి తలమాట, దాన్ని ముందున్న "పరివారులెల్ల"తో కలిపి "లెల్లొగి" అని లాగేసి పాడితే ప్రాస చచ్చిపోతుంది.

పోస్ట్ పెట్టింది నేనే:
మాస్టారూ ఇది చదివాక బాలమురళి గారిది పెట్టుకుని గ లు లెక్కపెట్టుకుంటూ విన్నా, ఇంక మామూలుగా వినలేను అనుకుంటా.

పేరు పెట్టని సభ్యుడు:
సాహిత్యం సరే, రాగం గొడవ ఎవరూ ఎత్తలేదేం. ఈ పాట రాగం ఆభేరి. ఇప్పుడు అందరూ పాడే ఆభేరిలో చతుశ్శ్రుతి ధైవతం, అంటే ద స్వరంలో పై మెట్టు, ఖరహరప్రియ జన్యం, అంటే ఆ రాగం నుంచి పుట్టింది అంటారు. పాత పద్ధతిలో ఆభేరికి శుద్ధ ధైవతం, అంటే ద లో కింది మెట్టు, నఠభైరవి జన్యం. ముసిరి గారి పాటతోనే ఈ చతుశ్శ్రుతి ధైవతం జనంలో స్థిరపడిందని పెద్దలు చెప్తారు. ఇప్పటికీ కొందరు శుద్ధ ధైవతంతో పాడతారు, వెతికి వినండి, మొదటిసారి వేరే పాటలా ఉంటుంది. హిందుస్తానీ వాళ్ళకి మన ఇప్పటి ఆభేరి వినిపిస్తే భీంపలాస్ అంటారు. ఆ పాత గ్రామఫోన్ ప్లేట్లు ఒక వైపు మూడు నిమిషాల చిల్లరే నడిచేవి, అంత చిన్న జాగాలో పాడి ఒక పాట స్వరస్థానాన్నే మార్చేయటం మామూలు విషయం కాదు.

డాలస్ నుంచి:
శుద్ధ ధైవతం అయితే ఇంకా ఏడుపుగా ఉండాలే. మాస్టారు చెప్పిన జాలికి అదే సరిపోతుందేమో?

పేరు పెట్టని సభ్యుడు:
ఉండొచ్చు. కానీ ముసిరి గారు ఏ ధైవతంతో పాడినా ఏడిపిస్తారు లెండి.

పోస్ట్ పెట్టింది నేనే:
చివరి డౌట్. "వగ జూపకు తాళను". వగ అంటే దుఃఖమేగా, వగచు లోది? జాలీ దుఃఖమే వగా దుఃఖమే అయితే పాట దుఃఖంతో మొదలై దుఃఖంతో ముగుస్తుంది.

తెనాలి మాస్టారు:
వగకి దుఃఖం అర్థం ఉంది, దుఃఖం చూపించకు తట్టుకోలేను అని చెప్పుకోవచ్చు. నేను బడిలో అలాగే చెప్పేవాణ్ణి, ఇప్పటికీ దాని వైపే మొగ్గు. తాళను అన్నాక తాళలేనిది బాధే అవ్వాలి.

వీణ అక్క:
నేను ఒప్పుకోను మాస్టారూ, ఏమీ అనుకోకండి. వగకి ఇంకో అర్థం ఉంది, విలాసం, మాయ, నటన. వగలాడి అంటామే అది. చూపించేవాడు ఇక్కడ రాముడు. దుఃఖం ఈయనది, రాముడు చూపించేది దుఃఖం ఎలా అవుతుంది? "నీ వగలు నా దగ్గర చూపించకు, నావల్ల కాదు, ఏలుకో" అని విసుగుతో అంటున్నాడు. అందర్నీ అనుమానించి, మొర ఎవరితో పెట్టుకోను అని అడిగాక వచ్చే మాట బతిమాలాటగా ఉండదు, కొంచెం కోపంగానే ఉంటుంది. "నన్నేలుకోరా" లో ఆ "రా" వినండి.

తెనాలి మాస్టారు:
"రా" చనువు కూడా కావచ్చు కదమ్మా.

వీణ అక్క:
చనువున్న చోటే కదండీ కోపం వచ్చేది.

చెన్నై నుంచి:
నేను ఈ సాయంత్రం క్లాసులో అక్క అర్థంతో పాడి చూస్తా, గురువుగారు ఏమంటారో వచ్చి చెప్తాను. కిలకు మాత్రం ఇవాళ్టితో బంద్.