ఇంప్లాంట్‌తో పాటు సంజ్ఞాభాషనూ కొనసాగించినవారికి ఒక ప్రశ్న

మా పాపకు 14 నెలలు. బెరా పరీక్షలో (శబ్దానికి శ్రవణనాడి, మెదడు ఎలా స్పందిస్తాయో చూసే పరీక్ష) రెండు చెవులకూ 90 డెసిబెల్స్ వద్ద కూడా స్పందన రాలేదు. ఆరు నెలలుగా వినికిడి యంత్రాలు రోజంతా పెడుతున్నా, ఇయర్ మోల్డులు (యంత్రాన్ని చెవిలో అమర్చే అచ్చులు) మార్పించినా, వెనుక నుంచి డప్పు కొడితే తిరుగుతుంది తప్ప ‘స’, ‘ష’ వంటి ధ్వనులకు కదలదు. ఎమ్మారైలో శ్రవణనాడి రెండు వైపులా కనిపించింది కనుక కాక్లియర్ ఇంప్లాంట్‌కు (లోపలి చెవిలో శస్త్రచికిత్సతో అమర్చే వినికిడి పరికరం) సిద్ధం కమ్మంటున్నారు.

ఈలోగా సంజ్ఞాభాష నేర్పితే మాట వెనకబడుతుందని స్పీచ్ థెరపిస్టు, నేర్పకపోతే ఏ భాషా అందక విలువైన కాలం గడిచిపోతుందని బధిర ఉపాధ్యాయురాలు అంటున్నారు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగినా తేలలేదు. పాలు కావాలన్న సంజ్ఞను పాప ఇప్పటికే పిడికిలి మూసి తెరిచి చేస్తున్నది, దాన్ని మాన్పించడానికి మాకు మనసొప్పడం లేదు.

ఇంప్లాంట్ చేయించి సంజ్ఞాభాషనూ కొనసాగించిన తల్లిదండ్రులు, ప్రాసెసర్ (ఇంప్లాంట్‌కు శబ్దాన్ని అందించే బయటి భాగం) ఆన్ చేసిన తొలి ఏడాదిలో రోజును ఆ రెండింటికీ ఎలా పంచారో దయచేసి చెప్పగలరా?