విశ్వవిద్యాలయం ఒక నిబంధనను మార్చే ముందు సమానత్వంపై దాని ప్రభావాన్ని అంచనా వేయడం తప్పనిసరి చేయాలా?

చర్చ ప్రారంభించినవారు:
బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ప్రకారం, విశ్వవిద్యాలయాలు ఏ నిర్ణయం తీసుకున్నా మహిళలు, వికలాంగులు, మైనారిటీ జాతులు, మతాల వారిపై దాని ప్రభావాన్ని పట్టించుకోవాలి. స్కాట్లాండ్‌లోనైతే ఆ అంచనాను ప్రచురించాలి కూడా. మన విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ 2012లో తెచ్చిన సమానత్వ నిబంధనలు ప్రధానంగా వివక్షపై ఫిర్యాదు వచ్చాక విచారించే ఏర్పాటు చేశాయి గాని, మార్పుకు ముందే అంచనా వేయమనలేదు. మన దగ్గరా ఈ బాధ్యత పెట్టాలా?

విశ్వవిద్యాలయ పరిపాలన విభాగంలో పనిచేసి విరమించినవారు:
అక్కర్లేదని నా అభిప్రాయం. బ్రిటన్ ప్రధానిగా ఉన్న డేవిడ్ కామెరాన్ 2012 నవంబరులో ఈ అంచనా పత్రాలు అనవసరపు కాగితాల పని అని, ప్రభుత్వ శాఖలు వాటికి స్వస్తి చెప్పవచ్చని ప్రకటించారు. మనకు రిజర్వేషన్లున్నాయి, సమాన అవకాశాల విభాగాలున్నాయి. అధ్యాపక పోస్టులే ఖాళీగా ఉన్నచోట మరో నివేదిక ఎవరు రాస్తారు? రాసినా, అది నిర్ణయం అయిపోయాక ఫైలుకు జతచేసే కాగితమే అవుతుంది.

డిగ్రీ కళాశాల చరిత్ర అధ్యాపకుడు, రాయలసీమ:
నిర్ణయం అయ్యాక జతచేసే నివేదిక దండగేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే కామెరాన్ వద్దన్నది ఆ పత్రాలను మాత్రమే. చట్టంలోని బాధ్యత అలాగే ఉంది.

మన దగ్గరి సంగతే చూద్దాం. 2021 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిగ్రీ కోర్సులన్నిటినీ ఆ విద్యా సంవత్సరం నుంచే ఇంగ్లిషు మాధ్యమంలోకి మార్చాలని నిర్ణయించింది. ఇంగ్లిషు వద్దని నేననను. ఉద్యోగాలకు అది కావాలని మా విద్యార్థుల తల్లిదండ్రులే కోరుతున్నారు. కానీ ఇంటర్ వరకు తెలుగులో చదివి నా తరగతికి వచ్చిన ఒక అమ్మాయి, అచ్చు నోట్సులో ప్రతి వరుస పైనా పెన్సిలుతో తెలుగు అర్థాలు రాసుకుని జవాబులు బట్టీ పట్టేది. రైత్వారీ విధానం గురించి అడిగితే తెలుగులో పది నిమిషాలు తడుముకోకుండా చెప్పేది. పరీక్షలో మాత్రం అర పేజీ దాటేది కాదు. మార్కుల జాబితా చూసినవారికి ఆమెకు చరిత్ర రాదనే అనిపిస్తుంది. ఏ కళాశాలలో తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారు ఎందరు, వారిలో అమ్మాయిలెందరు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులెందరు అని ముందే లెక్క తీసి ఉంటే, ఇంగ్లిషుకు అలవాటు పడేందుకు నేర్పే బ్రిడ్జి కోర్సు ఎక్కడ ఎన్ని నెలలు నడపాలో, జవాబులు రెండు భాషల్లో రాసే వెసులుబాటు ఎన్నాళ్లు ఇవ్వాలో తేలేది. మా కళాశాలను ఆ వివరాలు ఎవరూ అడగలేదు.

అందరికీ ఒకేలా వర్తించే నిబంధన కూడా అందరిమీదా ఒకే బరువు వేయదు. 2024లో ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చిన ఒక దళిత విద్యార్థి, దినకూలీ కొడుకు, రూ.17,500 ఆన్‌లైన్‌లో గడువులోగా కట్టలేక సీటు పోగొట్టుకుంటే, సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు, పూర్తి న్యాయం చేసేందుకు తనకు ప్రత్యేక అధికారమిచ్చే రాజ్యాంగ 142వ అధికరణం కింద జోక్యం చేసుకుని ఆ సీటు ఇప్పించింది. ఢిల్లీ దాకా వెళ్లలేని విద్యార్థుల సంగతి, గడువు పెట్టేటప్పుడే ఆలోచించాల్సింది.

చూపులేని పరిశోధక విద్యార్థి, హైదరాబాద్:
అంచనా వేసేవారిలో ఆ ప్రభావం పడేవారు కూడా ఉండాలి. ఆన్‌లైన్ దరఖాస్తులో దరఖాస్తు చేసేది మనిషేనని తేల్చుకునే క్యాప్చా పరీక్షను బొమ్మ రూపంలోనే పెడితే, తెరపై అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పనిచేసే నేను మరొకరిని పిలవకుండా ఆ పేజీ దాటలేను. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు మాకు కేటాయించింది. వాటికి దరఖాస్తు చేసే పేజీ మాకు తెరుచుకుంటుందో లేదో విడుదలకు ముందు మాలో ఒకరి చేత పరీక్షింపజేయడానికి ఒక్క పూట చాలు. దానికి కొత్త పోస్టులేమీ అవసరం లేదు.

విశ్వవిద్యాలయ పరిపాలన విభాగంలో పనిచేసి విరమించినవారు:
ప్రవేశాలు, ఫీజు గడువులు, బోధనా మాధ్యమం, హాజరు, పరీక్షలు, ఈ అయిదింటికే పరిమితం చేస్తే నా అభ్యంతరం చాలావరకు తొలగుతుంది. అయినా, అంచనా ప్రతికూలంగా వచ్చినప్పుడు మార్పును ఆపాలా వద్దా అన్నది విశ్వవిద్యాలయ చదువుల వ్యవహారాలు నిర్ణయించే అకడమిక్ కౌన్సిలే తేల్చాలి. అంచనా వేసే కమిటీకి ఆ అధికారం ఇవ్వడాన్ని మాత్రం నేను ఒప్పుకోను.